లస్మయ్య కూల్చిన దిమ్మె

లస్మయ్య తవ్విన గోతి అంచు మీద కోడిగుడ్డు పెట్టినా దొర్లదు. ఇది ఎవరో మురిపెంగా అన్న మాట కాదు, జగిత్యాల వైపు నాలుగూళ్ళ చెరువుల్లో పని చేయించిన ఓవర్సీర్లు అన్న మాట. వడ్డెర ఇంట్లో పుట్టినవాడు. బడి గడప తొక్కలేదు, తొక్కనందుకు ఏనాడూ తల దించలేదు. చదువుకున్నవాళ్ళు తాగే నీళ్ళు కూడా చదువురానివాళ్ళు తవ్విన బావిలోవే కదా, ఇంక సిగ్గెందుకు?

ఆయనకు అక్షరాలు నేర్పకపోయినా తండ్రి ఒక కట్టుబాటు నేర్పాడు. చెరువు పూడిక తీసేటప్పుడు ఒక్కో ముఠాకు ఒక్కో గొయ్యి ఇస్తారు. ఆ గొయ్యి నడుమ ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. దాని నెత్తిన మొలిచిన గడ్డి మొలిచినట్టే ఉంటుంది. ఓవర్సీరు వచ్చి ఆ దిమ్మె ఎత్తు కొలుస్తాడు, దాన్నిబట్టి ఎంత లోతు తవ్వారో తేలుతుంది. అంటే ఆ దిమ్మె సాక్షి. కొలత అయిపోయిందా, పొద్దు గూకేలోపు తవ్వినవాళ్ళే దాన్ని పడగొట్టాలి. నిలబెట్టి ఉంచితే రేపు ఇంకో ఓవర్సీరుకు చూపించి చేయని పనికి రెండోసారి కూలి గుంజవచ్చు. కొలవకముందే కూలిందా, ముఠా మొత్తం కష్టం మన్నులో కలిసినట్టే. కూల్చినవాడు అంత పనీ మళ్ళీ ఒంటిచేత్తో ఊరికే చేసి ఇవ్వాలి.

"కొలిచిన దిమ్మెను నిలబెట్టినోడు, కొలువని దిమ్మెను పడగొట్టినోడు, ఇద్దరు దొంగలే బిడ్డా" అనేవాడు తండ్రి. అనడమే కాదు, సొంత తమ్ముడు ఒకసారి కొలిచిన దిమ్మెను గడ్డి కప్పి నిలబెట్టాడని తెలిసి, చచ్చేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. దొంగతో కలిసి తినకూడదు, దొంగ అనిపించుకున్నవాడు నలుగురి కుండలో చెయ్యి పెట్టకూడదు. వడ్డెర ఇళ్ళలో కోర్టూ కచేరీ అదే.

లస్మయ్య పెండ్లాం ఎల్లవ్వ కూడా అదే చెరువులో మన్ను తట్టలు మోసిన మనిషి. గడ్డపార ఎక్కడ వేస్తే దిమ్మె ఎటు పడుతుందో మొగుడితో సమానంగా చెప్పగలదు. తర్వాత ఊళ్ళలోకి పెద్ద పెద్ద యంత్రాలు వచ్చాయి. పది ముఠాలు నెల రోజులు తవ్వేది అవి పూటలో తవ్వి పోసేవి, గోడలు వంకరగా వచ్చినా అడిగేవాడు లేడు. గడ్డపార మూలకు చేరింది. ఆ మూల చూడలేకే లస్మయ్య నడి వయసు దాటాక ఖతార్ వచ్చాడు. ఎల్లవ్వకు మాత్రం అది ఈ పొద్దుకీ దుబాయే. ఖతారు వేరు, దుబాయి వేరు అని ఎన్నిసార్లు చెప్పినా, నువ్వు లేని ఊళ్ళన్నీ నాకు ఒకటే అని కొట్టిపారేస్తుంది.

ఖతార్‌లో అప్పుడు ఫుట్‌బాల్ పండుగ పనులు. ప్రపంచమంతా ఆడడానికి వస్తుందని దేశాన్ని దేశమే తవ్వి పోస్తున్నారు. ఇటు స్టేడియం, అటు రోడ్డు, కింద రైలు సొరంగం. అంత తవ్వకం లస్మయ్య ఏడు తరాల వాళ్ళు కలలో కూడా చూసి ఉండరు. అయినా కంపెనీ ఆయన్ను హెల్పర్ అని రాసుకుంది. యంత్రం వెనక్కి వచ్చేటప్పుడు జెండా ఊపడం, అది తవ్వి వదిలేసిన అంచుల్ని ఊడ్వడం. పులికి ఈగలు తోలే పని ఇచ్చినట్టు.

అందుకే ఆయన తన పెద్దరికమంతా గదిలో చూపించేవాడు. బర్వా అల్ బరాహా అనే కూలీల క్యాంపులో ఆ గదివాళ్ళందరిదీ ఒకే మెస్. వంతులవారీగా వండుకుంటారు, ఒకే కుండ. ఊళ్ళో పొయ్యి ముఖం చూడని మగాళ్ళు కూడా అక్కడ పప్పు కవ్వంతో ఎనుపుతారు, వాళ్ళ పెండ్లాలు చూసి మురిసి చావాలి. ఆ కుండకు లస్మయ్య పెట్టింది సట్టం. అందరూ కూర్చునేదాకా ఎవడూ ముద్ద ఎత్తకూడదు. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చేవాడి వాటా ముందే తీసి మూత పెట్టాలి. కూర బాగాలేదన్నవాడు మర్నాడు తానే వండాలి. ఈ మూడో సట్టానికి భయపడి ఎవడూ నోరెత్తేవాడు కాదు. నోట్లో నువ్వుగింజ నానని భూమేష్ ఒక్కడే, "కాకా, మా అత్తగారింట్ల గూడ గింత కట్టడి లేదు" అని గొణిగేవాడు, గొణుగుతూనే ఆయన పక్కన కూర్చునేవాడు.

అలా ఉండగా ఉత్తరాన సముద్రం వైపు వేసే రోడ్డుకు ఒక అడ్డం వచ్చింది. ఇసుక కింద పాత గోడలు బయటపడ్డాయి. రోడ్డు ఆపి ఒక డాక్టరమ్మను పిలిపించారు. సూది మందు డాక్టరు కాదు, పాత కాలం మట్టి చదివే డాక్టరు, దొరసాని. యంత్రం పెడితే ఒప్పుకోను, చేత్తో తవ్వేవాళ్ళు కావాలి అందట. కంపెనీ సూపర్‌వైజర్ ఖుత్బుద్దీన్ తన గ్యాంగులో ఉన్న వడ్డెర మనిషిని, ఆయన గదివాళ్ళను ఏరి పంపాడు. ఖుత్బుద్దీన్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. చెడ్డవాడు కాదు గానీ పైవాడంటే ఎంత భయమో కిందవాడి మీద అంత కేక.

చేతిలోకి గడ్డపార వచ్చిన రోజు లస్మయ్య దాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఖతార్ వచ్చాక అదే మొదటిసారి ఆయన నడుము నిటారుగా నిలబడడం.

డాక్టరమ్మ బండి నడిపేవాడు ఏసోబు. బాపట్ల అవతల సముద్రం పక్క పల్లెవాడు, ఉండేది వీళ్ళ గదిలోనే. ఇంగ్లీషు ముక్కలు, అరబ్బీ ముక్కలు కలిపి దొరసాని చెప్పింది వీళ్ళకు, వీళ్ళు చెప్పింది ఆమెకు చేరవేసేవాడు. ఒకరోజు ఆమె చెప్పింది విని వాడి గొంతే మారిపోయింది. ఆ గోడలు ఏసుప్రభువు సన్యాసుల మఠానివట. ఇప్పటికి పధ్నాలుగు వందల ఏళ్ళ కిందటివట. ఈ సముద్రపు ఒడ్డంతా అప్పట్లో అలాంటి మఠాలు ఉండేవట. గదిలో కొందరు, నీది దొరలు తెచ్చిన మతం కదరా అని ఆటపట్టించేవాళ్ళు వాణ్ణి. వాడు ఆ గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

"చూశావా బాబాయ్," అన్నాడు లస్మయ్యతో, "దొరలకింకా ఓడలు కట్టడం రాని రోజుల్లోనే మావాళ్ళు ఇక్కడ ప్రార్థన చేశారు."

"మీవోళ్ళు మంచిగనే కట్టిన్రు గని, గీ మూల కొంచెం వంకరుంది" అన్నాడు లస్మయ్య. పొగడ్త ఆయన నోట అలాగే వస్తుంది.

ఇసుక తీసేకొద్దీ మఠం రూపు తేలింది. ఒకే వరుసలో చిన్న చిన్న గదులు, ఒక్కో దాంట్లో మనిషి పడుకుంటే కాళ్ళు గోడకు తగులుతాయి. నడుమ నీళ్ళ తొట్టి. తూర్పు ముఖంగా ప్రార్థన చేసే ఇల్లు. పడమట పెద్ద వంటిల్లు, దాన్ని ఆనుకుని అందరూ కూర్చుని తినే పొడవాటి గది, గోడ వెంట మట్టి అరుగులు. డాక్టరమ్మ చెప్పిన మాటలు ఏసోబు చెబుతూ పోయాడు. వాళ్ళు ఆలుబిడ్డలను వదిలి వచ్చినవాళ్ళు. ఒక దేశంవాళ్ళు కాదు, పలు చోట్ల నుంచి వచ్చినవాళ్ళు. ఎవరికీ సొంత సొమ్ము లేదు. పొద్దున లేవడం, పని చేయడం, తినడం అన్నీ ఒక పెద్ద చెప్పినట్టు. చేపలు పట్టేవాళ్ళు పడతారు, నేసేవాళ్ళు నేస్తారు, వండేవాళ్ళు వంతుల ప్రకారం వండుతారు, అందరికీ ఒకటే కుండ.

భూమేష్ చెవులు నిక్కబొడుచుకుని విన్నాడు.

"గిది మఠమెక్కడిదే, క్యాంప్!" అన్నాడు. "గా పెద్ద సామి మన లస్మయ్య కాక. గా చివరి గదిల గురక పెట్టేటోడు నువ్వే ఏసోబూ."

అందరూ నవ్వారు. డాక్టరమ్మ ఎందుకు నవ్వుతున్నారని అడిగి తెలుసుకుని తానూ నవ్వింది. కానీ ఆ మాట నవ్వుతో పోలేదు. ఇంటిని వదిలి, ఒకే కుండ తిని, ఎడారిలో చెమటోడ్చే బతుకు బతికినవాళ్ళను జనం ఒకప్పుడు చేతులెత్తి మొక్కారని తెలిశాక, ఆ మగాళ్ళ నడకే వేరయింది. అప్పటినుంచి భోజనం వేళ సన్యాసుల అరుగు పక్కన చాపలు పరుచుకుని, కుండ నడుమ పెట్టుకుని తినేవాళ్ళు. అరుగు మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు. అది వాళ్ళ స్థలం అనేవాడు లస్మయ్య.

డాక్టరమ్మ తవ్వించే తీరు లస్మయ్యకు బాగా నచ్చింది. నలుచదరం గోతులు, రెండు గోతుల నడుమ తవ్వకుండా వదిలిన మట్టి గోడ. అది చూడగానే ఆయన ముఖం విప్పారింది. ఓహో, ఈ దొరసానికీ సాక్షి ఉంది, ఈమె కూడా మా కట్టుబాటు మనిషే అనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. తెలిసిన పనిని అడగడం వడ్డెరవాడికి నామోషీ. అక్కడే పడింది తప్పటడుగు.

ఒక గురువారం వంటింటి మీద ఉన్న మట్టి గోడ దగ్గర కొలతలు గీసే మనిషి పొద్దంతా కూర్చున్నాడు. దారం కట్టి, టేపు పట్టి, కాగితం మీద గీసి, సాయంత్రం అన్నీ చుట్టుకుని వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ ఆ పూట దోహాలో ఉంది. లస్మయ్య చూశాడు. కొలత అయింది, పొద్దు గూకుతోంది, సాక్షి ఇంకా నిలబడి ఉంది. రేపు శుక్రవారం సెలవు. రెండు రోజులు కొలిచిన దిమ్మెను నిలబెడితే తండ్రి గోరీలోంచి లేచి వచ్చి ఉమ్ముతాడు. గడ్డపార తీసుకుని అడుగున రెండు పోట్లు వేశాడు. గోడ ఆయన చెప్పిన వైపే పడింది. మట్టి ఎత్తి పక్కన కుప్ప పోశాడు, గచ్చు ఊడ్చాడు, చేతులు దులుపుకుని బండి ఎక్కాడు. ఆ రాత్రి ఆయనకు పట్టిన నిద్ర రాజులకు కూడా దొరకదు.

శనివారం డాక్టరమ్మ వచ్చి చూసి నిలబడినచోటే కూలబడింది. అరవలేదు, తిట్టలేదు, తల పట్టుకుని కూర్చుంది. అది చూశాడు ఖుత్బుద్దీన్. ఈ సంగతి పైకి పోతే తన ఉద్యోగం ఏమవుతుందోనని భయం. భయపడ్డవాడి నోరు తీర్పు చెప్పేస్తుంది.

"లంకెబిందెల కోసం పడగొట్టిండు ఈ ముసలోడు," అన్నాడు అందరూ వింటుండగా. "సాముల బంగారం దొరుకుతదనుకున్నవా లస్మన్నా? దొంగ పని కాదా ఇది?"

లస్మయ్య చేతిలో గడ్డపారను మెల్లగా గోడకు ఆనించాడు. ఏసోబు చెయ్యి పట్టుకుని, ఏం జరిగిందో చెప్పు బాబాయ్, నేను అమ్మగారికి చెబుతాను అని బతిమాలాడు. పని ఎందుకు చేసినవని అడిగితే చెప్తా గాని దొంగతనం ఎందుకు చేసినవని అడిగితే చెప్పను అన్నాడాయన. ఖుత్బుద్దీన్ కంపెనీకి చెప్పి ఊరికి పంపించేస్తానన్నాడు. ఊరికి పోవడానికి లస్మయ్యకు భయం లేదు. దొంగ అన్న పేరు మోసుకుని పోవడానికే భయం. ఏడు తరాలు మన్ను పిసికి సంపాదించినది ఆ ఇంటికి పేరొక్కటే. అది పోతే ఇంకేముంది?

ఆ సాయంత్రం క్యాంపులో ఆయన తన పళ్ళెం తీసుకుని గది బయట, చెప్పులు విడిచేచోట కూర్చున్నాడు. రెండు రొట్టెలు, ఉల్లిగడ్డ. కుండ వైపు చూడలేదు. భూమేష్ పరుగెత్తుకొచ్చాడు.

"కాకా, నువ్వు రానిది ముద్ద ఎట్ల దిగుతది మాకు?"

"దొంగ అన్న మాట నా మీదుంది. అది దిగేదాక నలుగురు తినే కుండల నా చెయ్యి పెట్ట."

"మేమన్నమా దొంగ అని?"

"ఎవ్వలన్నా ఒకటే. మాటకు ఇల్లు ఉండదు, ఊరంత దానిదే."

రోజులు గడిచాయి. ఆయన్ను తవ్వకంలోంచి తీసి తట్టలు మోయమన్నారు, మోశాడు. మఠం దగ్గర భోజనం వేళా అంతే, కుప్ప అవతల ఒంటరిగా కూర్చునేవాడు. గదిలో కుండ చుట్టూ మాటలు తగ్గాయి. ఎవడికి వాడు తిని లేస్తున్నారు.

ఎల్లవ్వ ఫోన్ చేసింది. వీడియోలో మొగుడి ముఖం వెనక చెప్పుల వరుస కనబడింది. ఆమె కళ్ళకు దుబాయ్ దూరం కాదు.

"ఎనుక గా చెప్పులేంది? బయట కూసోని తింటున్నవా? అందరు యాడ పోయిన్రు?"

దాచిపెడదామనుకున్నాడు, దాచలేకపోయాడు. జరిగింది చెప్పాడు. ఆమె అంతా వింది.

"దిమ్మె కొలిచినంకనే పడగొడ్తివి గదా. గదే చెప్పరాదు?"

"చెప్తే ఏమైతది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటది."

"ఆహా, పెద్ద మొగోడివి," అంది ఎల్లవ్వ. "నువ్వు నోరు మూసుకోని కూసుంటే మన్ను లేచి మాట్లాడుతదా? నీ భుజాల మీద బూడిద లేదు గదా, దులుపుకోనీకి ఏం రోగం? నువ్వు గక్కడ మౌనసామి లెక్క కూసో, నన్ను గీడ దొంగ పెండ్లామని పిలువనియ్యి. తట్టలు నేను మోయలేదా ఆ చెరువుల? దిమ్మె నీ ఒక్కనిదా?"

ఫోన్ పెట్టేసింది. పెట్టేసిన తర్వాత కూడా లస్మయ్య చెవిలో ఆమె చాలాసేపు తిడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఏసోబును పిలిచాడు. డాక్టరమ్మను తోలుకురా, నోటితో కాదు పారతో చెప్తా అన్నాడు. మఠం గోడలకు దూరంగా, ఏమీ లేని నేల చూసుకుని తవ్వడం మొదలుపెట్టాడు. నలుచదరంగా గొయ్యి, నడుమ దిమ్మె, దిమ్మె నెత్తిన ఎండిన ముళ్ళ గడ్డి ఉన్నది ఉన్నట్టు. డాక్టరమ్మ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. లస్మయ్య ఏసోబును ఓవర్సీరుగా నిలబెట్టి టేపు పట్టించాడు. కొలత కాగానే ఆకాశంలో పొద్దును చూపించాడు, పడమటి వైపు చెయ్యి దించాడు, గడ్డపార వేసి దిమ్మెను పడగొట్టాడు. పడగొట్టకుండా ఉంచితే ఏమవుతుందో చెప్పు అన్నాడు. ఏసోబు ఇంగ్లీషులో దొంగ కూలి కథ చెప్పాడు.

డాక్టరమ్మ ముఖంలో ఏదో వీడింది. అప్పుడొక ప్రశ్న అడిగింది. కొలవకముందే కూలితే మీవాళ్ళు ఏం చేస్తారు?

లస్మయ్య రెండో కట్టుబాటు చెప్పాడు. కూల్చినవాడు ఒంటిచేత్తో ఊరికే మళ్ళీ చేయాలి అని.

ఆమె బండిలోంచి కాగితం తెప్పించి ఆయన ముందు పరిచింది. దాని మీద అడ్డంగా గీతలు. ఇది బూడిద, ఇది ఇసుక, ఇది సున్నం, ఇది మళ్ళీ బూడిద. వంటింట్లో ఎన్నిసార్లు పొయ్యి వెలిగింది, ఎప్పుడు ఆరిపోయింది, ఎప్పుడు మఠం ఖాళీ అయింది, అన్నీ ఆ పొరలే చెబుతాయట. గోడకు రెండు ముఖాలు. గురువారం గీసింది ఇవతలి ముఖం ఒక్కటే. అవతలి ముఖాన్ని శనివారం గీయాల్సి ఉంది.

ఏసోబు ఆ మాట తెలుగులో చెప్పడానికి మొహమాటపడ్డాడు. చెప్పక తప్పలేదు.

లస్మయ్యకు దిమ్మె అంటే ఎత్తు ఒక్కటే. మట్టికి రెండు ముఖాలు ఉంటాయని, ఇటు ఒకటి అటు ఒకటి రాసి ఉంటుందని, ఆయన ఏడు తరాల్లో ఎవరికీ తోచలేదు. ఆ కాగితం మీది గీతల వెంట వేలు పోనిచ్చాడు. తర్వాత తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అంటే కొలువని దిమ్మె పడగొట్టిన," అన్నాడు. "లంకెబిందెలకు కాదు, గని పడగొట్టిన. మా అయ్య మాట ప్రకారం నేను దొంగనే. ఏసోబూ, డాక్టరమ్మకు చెప్పు. గా గోడ మన్ను గా కుప్పల ఉంది. శుక్రవారం శుక్రవారం వచ్చి ఒక్కన్నే జల్లెడ పడత. ఆమెకు ఏం కావాల్నో గది ఏరి ఇస్త."

సెలవు రోజు పని చేయించడం నాకు ఇష్టం లేదని ఆమె అంది. ఆమె ఇష్టం ఎవలు అడిగిన్రు అన్నాడు లస్మయ్య. ఏసోబు దాన్ని కొంచెం మెత్తగా మార్చి చెప్పి ఉంటాడు, ఆమె చివరికి సరేనంది. ఖుత్బుద్దీన్‌ను పిలిచి, ఈ మనిషిని ఎక్కడికీ పంపడానికి వీల్లేదని కూడా తేల్చి చెప్పింది. ఖుత్బుద్దీన్, అయితే సరే, వచ్చి అందరితో తిను లస్మన్నా అన్నాడు, ఏదో పోయిన చెప్పు దొరికినట్టు. లస్మయ్య విననట్టే తట్ట ఎత్తుకున్నాడు. అప్పటిదాకా ఆయన ఇంకొకడి మాట వల్ల దూరంగా కూర్చున్నాడు, ఇప్పుడు తన కట్టుబాటు వల్ల కూర్చున్నాడు. రెండింటికీ తేడా తెలియనివాడికి ఏం చెప్పినా దండగ.

మొదటి శుక్రవారం ఏసోబు పొద్దున ప్రార్థనకు పోయి వచ్చి బండి తీశాడు. దారిలో డాక్టరమ్మ చెప్పిన సంగతి ఒకటి చెప్పాడు. ఆ సన్యాసుల్లో తప్పు చేసినవాణ్ణి కొట్టేవాళ్ళు కాదట, గెంటేవాళ్ళు కాదట. అందరితో కలిసి తిననిచ్చేవాళ్ళు కాదట. తప్పు తీరేదాకా ఒంటరి కూడు.

లస్మయ్య తల ఊపాడు.

"మంచి కట్టుబాటు. వాళ్ళల్ల వడ్డెరోళ్ళు ఉన్నరు కావచ్చు" అన్నాడు.

ఆ పూటంతా జల్లెడ పట్టాడు. దుమ్ము ఆయన కనురెప్పల మీద పేరుకుంది. చేప ముళ్ళు, మాడిన ఖర్జూరపు గింజలు, కుండ పెంకులు వేరు వేరుగా పళ్ళాల్లో పోశాడు. కుప్ప తగ్గినట్టే అనిపించలేదు. తర్వాతి శుక్రవారం బండి దగ్గరికి వచ్చేసరికి భూమేష్‌తో సహా గది మొత్తం లోపల కూర్చుని ఉంది, వంట కుండతో సహా. లస్మయ్యకు కోపం వచ్చింది. ఒంటిచేత్తో చేయాలని కట్టుబాటు, దిగండి అన్నాడు.

"కట్టుబాటు నీ చేతులకు కాకా," అన్నాడు భూమేష్. "మా చేతులకు ఎవలు చెప్పిన్రు? నీ కుప్ప నువ్వు జల్లెడ పట్టు. నువ్వు పట్టినంక పడ్డ మన్ను మేము ఇంకోసారి పడతం. అది కొత్త పని."

వారమంతా పనిచేసినవాడికి శుక్రవారం నిద్ర ఎంత తీపో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకే తెలుసు. ఆ నిద్ర వదులుకుని వచ్చినవాళ్ళను ఏమని దించుతాడు? బండి కదిలింది. వాళ్ళ రెండో జల్లెడలోనే చిన్న చిన్నవి దొరికాయి. చేప పొలుసులు, ఒక గాలపు ముల్లు, ఎవరిదో వేలి గుర్తు పడిన సున్నపు పెళ్ళ. భూమేష్ ఒక చేప ముల్లును వెలుగుకు పట్టి, కొండను తవ్వి ఎలుకను పట్టుడంటే గిదే కాకా అన్నాడు. డాక్టరమ్మ మాత్రం ఆ ముల్లును రెండు చేతులతో అందుకుంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఏ పొర మీద ఏ పొర ఉందో అది పోయింది, ఇక రాదు అంది. అయితే వాళ్ళు ఏం తిన్నారో, ఏ చేపను ఎంత చిన్నదాన్ని కూడా పారేయకుండా వండారో, ఇంత వివరంగా ఇంకెక్కడా నాకు దొరకలేదు అని కూడా అంది. పోయినదాన్ని పోయిందని, వచ్చినదాన్ని వచ్చిందని చెప్పినందుకు లస్మయ్యకు ఆమె మీద గౌరవం పెరిగింది.

కుప్ప అరిగిపోయిన శుక్రవారం ఖుత్బుద్దీన్ తన బండిలో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నమాజు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా చేతులు మడిచి, ఒక జల్లెడ తీసుకుని మిగిలిన మట్టి పట్టడం మొదలుపెట్టాడు. తెల్ల చొక్కా మట్టి కొట్టుకుపోయింది. గదివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరి పారెడు మట్టి కూడా అయిపోయింది. లస్మయ్య ఆ చోటును శుభ్రంగా ఊడ్చి, తన పళ్ళెం తీసుకుని ఎప్పటిలాగే అవతలికి నడిచాడు.

"కుప్ప అయిపోయింది గదా లస్మన్నా," అన్నాడు ఖుత్బుద్దీన్. "ఇగ రా."

"నా తప్పు అయిపోయింది. నీ మాట ఇంక ఉంది."

"నేను గూడ మన్ను జల్లెడ పట్టలేదా?"

"నన్ను దొంగ అని జల్లెడతో అన్నవా, నోటితో అన్నవా? నోటితో అన్నది నోటితోనే తియ్యి. గప్పుడు ఎవలెవలు విన్నరో వాళ్ళందరు వినాలె."

ఖుత్బుద్దీన్ చుట్టూ చూశాడు. డాక్టరమ్మ గోతి అంచున నిలబడి ఉంది. ఏసోబు ఆమె చెవిలో చెబుతూనే ఉన్నాడు. సూపర్‌వైజరు హెల్పరు ముందు నిలబడి మాట వెనక్కి తీసుకోవడం ఆ సైట్ల మీద ఎవరూ చూసింది కాదు.

"లస్మన్న లంకెబిందెల కోసం గోడ పడగొట్టలేదు," అన్నాడు. "నాకు నా నౌకరి భయం ఉండె. ఆ భయంల లేని మాట అన్న. ఈయన దొంగ కాదు. అట్ల అన్న నేనే గలత్, తప్పు నాదే."

గాలికి జల్లెడలు మెల్లగా ఊగుతున్నాయి. లస్మయ్య వచ్చి చాప మీద కూర్చున్నాడు. పక్కన చోటు చూపించి ఖుత్బుద్దీన్‌ను కూడా కూర్చోమన్నాడు. అందరి పళ్ళాల్లో పడేదాకా ఆగాడు. ఆయన ముద్ద ఎత్తేదాకా ఎవరూ ఎత్తలేదు. ఆయన పప్పు కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, ఆగాడు.

"వారాల కొద్ది గిదే తింటున్నరా మీరు?" అన్నాడు భూమేష్ వైపు చూసి. "పప్పుల ఉప్పేది?"

"బాగలేదంటవా కాకా?" అన్నాడు భూమేష్. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా వాడి నోరు ఊరుకుంటుందా. "అయితే రేపు నువ్వే వండాలె. సట్టం నీదే."

"వండుత," అన్నాడు లస్మయ్య. "నీకు నేర్పేదాక రోజు వండుత."